హమ్మింగ్ వస్తోందని ఆంప్ తెచ్చే ముందు: మన షాపు కస్టమర్లకు ఒక మాట

నమస్కారం. పోయిన నెల నేనొక పొరపాటు చేశాను. దానివల్ల మన షాపులో పని తీసుకునే పద్ధతి మారుస్తున్నాను కాబట్టి మీ అందరికీ చెప్పాలి.

గుణదల నుంచి ఒక మాస్టారు ఆంప్లిఫయర్ తెచ్చారు. రెండు స్పీకర్లలోనూ గుయ్‌మని ఒకటే మోత అన్నారు. పదిహేనేళ్ల సెట్టు, ఫిల్టర్ కెపాసిటర్లు (లోపల కరెంటును నిలకడ చేసే పార్టులు) ఎండిపోయి ఉంటాయనుకున్నాను. 10,000 మైక్రోఫారడ్‌వి రెండూ మార్చి, పాట వినిపించి, డబ్బు తీసుకుని పంపాను. మర్నాడు పొద్దున్నే ఫోన్: "బాబూ, ఇంట్లో మళ్ళీ అదే మోత." వెళ్ళి చూస్తే, సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ టీవీ వైరు విప్పగానే హమ్మింగ్ ఆగిపోయింది. ఆంప్‌లో ఏ లోపమూ లేదు. తెచ్చిన రోజు మూత తీయకముందే ఆన్ చేసి వినుంటే ఐదు నిమిషాల్లో తెలిసిపోయేది. నేను వినలేదు. మాస్టారి డబ్బు తిరిగి ఇచ్చేశాను.

అసలు జరిగిందేమిటంటే, బయటి నుంచి వచ్చే కేబుల్ వైరు పైఅల్లికకు (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు జాలీ) ఒక ఎర్త్, ఆంప్ మూడు పిన్నుల ప్లగ్గుకు ఇంకో ఎర్త్. ఆ రెండింటి మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా ఆడియో వైరు షీల్డు (దాని పైఅల్లిక) గుండా కరెంటు పారుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోతే స్పీకర్లోకి వస్తుంది. దీన్ని గ్రౌండ్ లూప్ అంటాం. కెపాసిటర్లు పోతే వచ్చే మోత దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్. మాస్టారింట్లో టీవీ నుంచి ఆంప్‌కి ఆప్టికల్ కేబుల్ వేసి, మధ్యలో చిన్న డాక్ బాక్సు (డిజిటల్ సిగ్నల్‌ని ఆంప్‌కి పనికొచ్చే ఆడియోగా మార్చేది) పెట్టాం. ఆప్టికల్‌లో వెలుతురే వెళ్తుంది, కరెంటు వెళ్ళదు. లూప్ అక్కడ తెగిపోయింది.

అందుకే హమ్మింగ్ వస్తే ముందు ఇంట్లోనే ఒకసారి చూడండి. ఆంప్ ఆపి, స్పీకర్ వైర్లు, కరెంటు వైరు తప్ప వెనక ఉన్నవన్నీ తీసేసి, మళ్ళీ ఆన్ చేయండి. అప్పుడూ మోత ఉండి, వాల్యూమ్ తిప్పినా తగ్గకపోతే లోపం ఎక్కువగా ఆంప్‌లోనే. నాకు తీసుకురండి. మోత పోతే ఒక్కో వైరూ తిరిగి పెడుతూ రండి, దేనితో మొదలైందో దొరుకుతుంది. స్పీకర్లో కాకుండా డబ్బాలోంచే సన్నగా వస్తుంటే అది ట్రాన్స్‌ఫార్మర్ అదురు. ఫోన్‌లో వీడియో తీసి పంపితే ఈ మోతలు నాకు సరిగా వినబడవు, మీరు చూసింది మాటల్లో చెబితే చాలు.

ఆంప్ బాడీ ముట్టుకుంటే మోత తగ్గినా, చేతికి జివ్వుమన్నా, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మూడు కన్నాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోయినా ఎర్త్ సరిగా అందదు.

కొంతమంది ఎర్త్ పిన్ను విరిచేస్తారు. దానితో మోత పోవచ్చు. కానీ ఎప్పుడైనా ఫేజ్ బాడీకి తగిలితే ఫ్యూజు కొట్టేయదు, ముట్టుకున్న మనిషికి షాక్ కొడుతుంది. పిల్లలున్న ఇళ్ళు. దయచేసి ఆ పని చేయకండి. మూత కూడా విప్పొద్దు, ప్లగ్ తీసినా కెపాసిటర్లలో చార్జి ఉంటుంది. ఉన్నట్టుండి ఒక్క స్పీకర్లోనే ధబ్‌మని పెద్ద మోత వస్తే వెంటనే ఆపేయండి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ (స్పీకర్‌కి పవర్ ఇచ్చే పార్టు) షార్టయి ఉండొచ్చు, ఇంకాసేపు ఉంచితే స్పీకర్ కాయిల్ కాలిపోతుంది.

ఇక నుంచి ఆంప్‌తో పాటు మీ ఆడియో వైర్లూ తెండి. మీ ముందే ఆన్ చేసి, మోత ఇక్కడా వస్తేనే విప్పుతాను. రాకపోతే చెకింగ్ చార్జీ కూడా వద్దు. మార్చిన పాత పార్టులు మీ చేతికే ఇస్తాను. వారంటీలో ఉన్న సెట్టయితే నా దగ్గర సీలు తీయించకండి, కంపెనీ సర్వీసుకే తీసుకెళ్ళండి.

5200, 1943 నంబర్ల అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల కోసం ఎదురుచూస్తున్న నలుగురికీ ఆలస్యానికి క్షమాపణలు. ఈమధ్య వచ్చిన లాటు నకిలీదని తేలింది, వెనక్కి పంపేశాను. ఒరిజినల్ దొరికేదాకా మీ సెట్లలో వేరేవి వేయను. అప్పటిదాకా ఆగలేమనుకుంటే వచ్చి తీసుకెళ్ళండి, పైసా తీసుకోను.