మొసలి బస్సు ఎప్పుడొస్తది సారూ?

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మొదటి దరఖాస్తు 2023 నవంబరులో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఇంకో మూడు పెట్టుకున్నాను. రెండు ప్రజావాణిలో, ఒకటి ఆఫీసులో చేతికి, ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో. రసీదులన్నీ బడి బీరువాలో భద్రంగా ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కటీ రాలేదు. కవరులో పెట్టి అంటిస్తే ఎవరూ విప్పడం లేదు కాబట్టి ఈసారి అంటించకుండా నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను.

సంగతి మీకు తెలియనిది కాదు. మాది గోదావరి దిక్కున అడవి అంచు ఊళ్లో ప్రాథమిక పాఠశాల. 41 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. 2023 అక్టోబరులో వన్యప్రాణి వారోత్సవాలని ఒక పెద్దసారు మా బడికి వచ్చారు. మైకు పట్టుకుని "వచ్చే ఏడాది ఇదే వారంలో మిమ్మల్నందర్నీ బస్సెక్కించి హన్మకొండ జూకు తీసుకుపోతాం, మొసలిని చూపిస్తాం" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ రోజు నుంచి మా బడిలో దాని పేరు మొసలి బస్సు.

2024లో ఆ వారం, అంటే అక్టోబరు 2 నుంచి 8 దాకా, మొత్తం దసరా సెలవుల్లోనే పోయింది. సెలవులు అయినంక పోయి అడిగితే, ఆగస్టు 31 గాలివానకు తాడ్వాయి–మేడారం అడవి పడిపోయింది, స్టాఫంతా ఆ పని మీదే ఉన్నారన్నారు. అది నిజమే, కాదనను. 50 వేల చెట్ల దాకా ఒక్క పూటలో నేలకూలితే లెక్క రాయడానికే నెలలు పడుతుంది. నోరు మూసుకుని తిరిగొచ్చాను. 2025లో బడి అక్టోబరు 4న తెరిచాం. వారోత్సవాలు ముగియడానికి ఇంకా నాలుగు రోజులుంది కదా అని ఫోన్ చేస్తే, "స్థానిక ఎన్నికల కోడ్ ఉంది కదా మాస్టారూ" అన్నారు. మొసలిని చూసి పిల్లలు ఏ గుర్తుకు ఓటేస్తారని భయపడ్డారో నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు.

ఏమీ రాలేదని అబద్ధం చెప్పను. నడుమ ఒకసారి ఒక అట్టపెట్టె వచ్చింది. విప్పితే జిరాఫీ, జీబ్రా, పెంగ్విన్, మంచు ఎలుగు. కింద ఇంగ్లీషులో రెండేసి వాక్యాలు. పన్నెండు పోస్టర్లలో మా అడవిలో తిరిగేది ఒక్కటే, నెమలి. మూడో తరగతి పిల్ల జిరాఫీని చాలాసేపు చూసి "సార్, ఇది మన పత్తి చేన్లకు రాదు గదా?" అని అడిగింది. రాదమ్మా అన్నాను. "మరి దీని గురించి మనమెందుకు చదవాలె?" అంది. ఈ ప్రశ్న మీకు పంపిస్తున్నాను. నా దగ్గర జవాబు లేదు.

పిల్లలు మాత్రం ఖాళీగా కూర్చోలేదు. బస్సు వచ్చిన రోజు జూ సారును అడగాలని ఒక రెండొందల పేజీల నోటుబుక్కులో ప్రశ్నలు రాయడం మొదలుపెట్టారు. బస్సు రాకపోయేసరికి జవాబులు చెప్పే పని నా మీద పడింది. తెలిసినవి చెప్పాను, తెలియనివి హన్మకొండ పోయినప్పుడు పుస్తకాలు చూసి చెప్పాను.

ఇప్పపువ్వు ఏరడానికి అమ్మతో పోయిన ఒక పిల్లవాడు ఎలుగుబంటిని చూశాడట, వీపు మీద రెండు పిల్లలు. "అది పడిపోకుంట ఎట్ల మోస్తది?" అని రాశాడు. ఆ పొడుగు జూలు పిల్లలు పట్టుకోవడానికి పనికొస్తుందని, దానికి పై వరుసలో ముందు పళ్లు రెండు ఉండవని, ముక్కు రంధ్రాలు మూసుకుని ఆ సందులోంచి చెదపురుగులను గట్టిగా పీల్చేస్తుందని చెప్పాను. మర్నాడు రెండో తరగతిలో పాలపళ్లు ఊడిన వాళ్లందరి పేరూ ఎలుగుబంటే. మధ్యాహ్న భోజనంలో పప్పుచారు పీలుస్తుంటే వంటామె నన్ను తిట్టింది.

మొసలి గుడ్డులోంచి వచ్చేది ఆడదో మగదో ఇసుకలోని గూడు వేడిని బట్టి తేలుతుందంటే ఎవరూ నమ్మలేదు. పొదిగినంక తల్లి తన పిల్లలను నోట్లో పెట్టుకుని నీళ్లలో దింపుతుందంటే అసలే నమ్మలేదు. "కండ్లతో చూస్తెనే నమ్ముతం" అన్నారు. మంథని దగ్గర శివారంలో మొసళ్లకే ఒక అభయారణ్యం ఉంది, అదీ మన గోదావరి ఒడ్డునే. అక్కడికైనా సరే సార్. జూ అనే మాట మీరు అన్నదే తప్ప మాకు పట్టింపు లేదు.

అలుగు గురించి ఒక ప్రశ్న ఉంది. దానికి అసలు పళ్లే ఉండవు, జిగట నాలుకతో చీమలనూ చెదలనూ తింటుంది, భయపడితే బంతిలా చుట్టుకుంటుంది. దాని పొలుసులకు పట్నపోళ్లు వేలకు వేలు ఇస్తారట, ఎందుకని ఒకడు రాశాడు. అందులో ఏ మందూ లేదురా, మన గోర్లు ఏ పదార్థమో ఆ పొలుసులూ అదే పదార్థం అని చెప్పాను. "అయితే మన గోర్లు కత్తిరించి అమ్ముకుందాం సార్" అన్నాడు. మీ అట్టపెట్టెలోని పోస్టర్లు అన్నీ కలిసి ఈ ఒక్క మాట చెప్పలేకపోయాయి.

రాబందు అంటే ఏంటని కూడా రాశారు, వాళ్లలో ఒక్కరూ చూడలేదు మరి. పశువులకు వేసే నొప్పుల మందు డైక్లోఫెనాక్ కళేబరాల్లోంచి వాటి పొట్టలోకి పోయి దేశమంతా చచ్చిపోయాయని, పశువులకు ఆ మందును 2006లో నిషేధించారని, ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద కొన్ని కనబడ్డాయని చెప్పాను. అంతే, బస్సు అటు కూడా పోవాలని తీర్మానం అయింది.

ఇక పాలపిట్ట. రాష్ట్ర పక్షి. మొన్నటి దసరాకు దగ్గరి టౌనులో ఒకడు పంజరంలో పెట్టి పది రూపాయలకు దర్శనం చేయించాడు. దాన్ని పట్టుకోవడం నేరమని, 1972 నుంచీ చట్టం ఉందని క్లాసులో చెప్పాను. ఒక పిల్ల లేచి, "మరి పోలీసాయన సుత దండం పెట్టుకున్నడు గదా సార్" అంది. నేను బోర్డు తుడుచుకున్నాను.

నవ్వులాటగా రాస్తున్నానని అనుకోవద్దు. నోటుబుక్కులో 63వ ప్రశ్న ఇది: "పందికి పెట్టిన కరంటు తీగ పందినే గుర్తుపడుతదా?" రాసిన పిల్లవాడి పేరు చెప్పను. వాళ్ల నాయన మక్క చేను చుట్టూ తీగ గుంజేటోడు. జింక పడినా, బర్రె పడినా, పొద్దుగాల చేనుకు పోయే మనిషి పడినా ఆ తీగకు తేడా తెలియదని క్లాసులో అనుకున్నాం. ఆ పిల్లవాడు ఇంటికి పోయి రెండు రోజులు అన్నం తినలేదు. నాయన తీగ చుట్టి అటక మీద పడేశాడు. ఇప్పుడు రాత్రంతా మంచె మీద డబ్బా కొడుతూ కూర్చుంటున్నాడు, పందులు సగం చేను మేసిపోయాయి. పంట నష్టం దరఖాస్తు కూడా నేనే రాసిచ్చాను. దానికీ రసీదు ఉంది.

సార్, మేము అడిగింది ఏమంత పెద్దది? ఒక్క రోజు బస్సు. మా అడవిలోని జంతువుల మీద మా భాషలో ఒక చిన్న పుస్తకం. అది కాకుంటే బీట్ ఆఫీసరును ఒక్క పూట మా బడికి పంపండి, ఆ నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంటాడు. అది కూడా కాకుంటే, రాదు అని ఒక్క ముక్క రాసి పంపండి, పిల్లలకు చదివి వినిపిస్తాను. కానీ బస్సే పంపండి సార్. 2023లో ఐదో తరగతిలో చప్పట్లు కొట్టిన వాళ్లు ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతికి వచ్చారు. సెలవుకు ఊరొస్తే బడి ముందర నిలబడి "మొసలి బస్సు పోయిందా సార్, మమ్ముల ఇడిసిపెట్టి?" అని అడుగుతున్నారు. పోలేదురా అంటే వాళ్ల మొహాల్లో సంతోషం చూడాలి మీరు.

మీ డ్రైవరుకు దారి రాస్తున్నాను. మెయిన్ రోడ్డు దిగినంక మూడు కిలోమీటర్లు. వానాకాలం అయితే వాగు దగ్గర చూసుకోవాలి, మిగతా రోజుల్లో ఇబ్బంది లేదు. పెద్ద బస్సయినా మర్రిచెట్టు దగ్గర తిప్పుకోవచ్చు. పిల్లలు పొద్దున ఆరింటికల్లా అక్కడే ఉంటారు. కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలో చీటీలు కూడా వేసుకున్నారు.

ఇట్లు,
అడవి అంచు బడి పంతులు