మా పాటల రైలును నడిపించిన మీకు

గత శనివారం మైలాపూరులో మా పాటల నాటకం ముగిసి తెర పడ్డాక ఎవరికీ సరిగా నమస్కారమైనా చెప్పలేకపోయాను. గొంతు పూడుకుపోయింది. ఆ రోజు నోట రాని మాటలు ఇవి.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. వేదిక మీద ఒక రైలు పెట్టె ఉంటుంది. 1856లో దక్షిణాదిలో మొదటి రైలు కదిలిన రాయపురం నుంచే మా రైలూ బయలుదేరుతుంది. ఆగిన ప్రతి స్టేషన్‌లో ఒకరు తమ ఇంటి పాటతో ఎక్కుతారు. తెలుగు, తమిళం, మలయాళం, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూ మాట్లాడే పద్దెనిమిది మందిమి కలిసి పాడాం. చెన్నైలో ఉద్యోగాలు, చదువులు, ఇళ్ళు చూసుకుంటూ సాయంత్రాలు సాధన చేసినవాళ్ళమే అందరం.

మొదటి నమస్కారం పాట్టికి. తమిళంలో పాట్టి అంటే అమ్మమ్మ, నాయనమ్మ. మేమంతా ఆమెను అలాగే పిలుస్తాం. క్షేత్రయ్య రాసిన మువ్వగోపాల పదం, అంటే అభినయానికి పాడే పాట, ఒకటి నాటకంలో ఉండాలని నా పట్టుదల. మధుర, తంజావూరు, గోల్కొండ ఆస్థానాలు తిరిగిన క్షేత్రయ్య లేకుండా ప్రయాణాల నాటకం ఎలా వేస్తాం? కానీ మా తెలుగువాళ్ళలో ఒక్కరికీ పదం పాడే పద్ధతి తెలియదు. చివరికి ఎనభై ఏళ్ళు దాటిన ఈ తమిళ నాట్య గురువు దగ్గరకు వెళ్ళాం. ఆమె పెట్టెలోంచి పాత నోటుపుస్తకం తీశారు. తెలుగు పదం, తమిళ లిపి. తమిళంలో క, ఖ, గ, ఘలకు అక్షరం ఒక్కటే. అందుకని ఆ అక్షరం పక్కన చిన్న అంకె వేశారు. 2 ఉంటే ఖ, 3 ఉంటే గ, 4 ఉంటే ఘ. ‘గోపాల’ అన్న చోటల్లా చిన్న 3. పుస్తకమంతా అంకెలే. పదిహేనేళ్ళ వయసులో తన గురువు చెబుతుంటే రాసుకున్నారట. తనది కాని భాషలో ఒక్క హల్లు కూడా చెడకూడదని ఒక పిల్ల పడిన శ్రమ అది. ఆ పేజీ చూసి నేను చాలాసేపు మాట్లాడలేదు. తెలుగు దేశంలో మనం మరచిపోయిన పదాలను ఎన్నో తమిళ ఇళ్ళు ఇలాగే దాచాయి. ఆరు వారాలు ఆమె మా చేత మా భాషే పలికించారు. అర్థం తెలియకుండా చేయి కదపవద్దని మా అమ్మాయిని రెండుసార్లు మందలించారు కూడా. రూపాయి తీసుకోలేదు.

తరువాత హార్మోనియం బాగుచేసే భాయికి. ప్రదర్శనకు ముందురోజు రాత్రి వానలో ఆటో కప్పు కారి హార్మోనియం తడిసిపోయింది. మెట్లు బిగుసుకుపోయాయి, తిత్తి బుసకొట్టింది. జార్జ్‌టౌన్‌లో మూసిన దుకాణం తలుపు తట్టాం. ఎండలో పెట్టకండి, చెక్క పగులుతుంది అన్నదే ఆయన మొదటి మాట. ఒక్కొక్క ఇత్తడి రీడూ విప్పి, తుడిచి, మళ్ళీ శ్రుతి చూసి బిగించేసరికి తెల్లవారుజామున మూడయింది. ఈ వాద్యం యూరప్‌లో పుట్టి, కలకత్తాలో నేల మీద కూర్చుని వాయించుకునే రూపం దిద్దుకుని, రేడియోలో దశాబ్దాల పాటు నిషేధాన్ని భరించి, మన భజనల దాకా వచ్చింది. దాని ఊపిరి ఆగకుండా చూసిన చేతులు ఆయనవి.

కోట దగ్గరి ఘట్టం చాలామందికి నచ్చిందని విన్నాను. కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు చెన్నై దగ్గరి మణలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జి కోటలో వాయించే పాశ్చాత్య బాణీలు విని వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. అవే నోట్టుస్వరాలు. ఆ నడకను మాకు పట్టించింది చర్చి గాయకబృందంలోని నలుగురు పిల్లలు. పరీక్షలు పెట్టుకుని కూడా వచ్చిన ఆ పిల్లలకూ, పంపిన తల్లిదండ్రులకూ కృతజ్ఞతలు.

రాత్రి రైలు ఘట్టంలోని జోలపాటలు మా అపార్టుమెంటు అమ్మలవి. మా ‘జో జో’ ఆగిన చోట తమిళ ‘ఆరారో’ అందుకుంది. దాని వెనకే గుజరాతీ హాలరడు, బెంగాలీ ఘుమ్‌పాడాని వచ్చాయి. సాధనలో నిజంగానే ఇద్దరు పసివాళ్ళు నిద్రపోయారు. ఆ అమ్మలు పాడినదాన్ని మేము మార్చలేదు, శ్రుతి కలిపామంతే.

దీపాలు చూసుకున్న తమ్ముడికి, పులిహోర పంపిన వదినలకు, వానలోనూ వచ్చి కూర్చున్న మీ అందరికీ నా నమస్కారాలు. ఎవరి పేరూ రాయలేదు. పేర్లు వద్దని ముందుగా చెప్పింది పాట్టి, తరువాత భాయి.

నోటుపుస్తకం శుక్రవారం తిరిగి ఇస్తున్నాం. అట్ట ఊడిపోయి ఉంటే కొత్తగా కుట్టించాం. లోపలి పేజీల్లో ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు.