గోనెసంచిలో కట్టి పడేస్తే పిల్లులు తగ్గవు

సంపాదకుడు గారికి,

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఇరవై ఏళ్లుగా గుమస్తాగా పనిచేస్తున్నాను. పొద్దున్నే గేటు తీసేసరికి గోడవారగా మూతి కట్టిన గోనెసంచి కదులుతూ కనిపించడం మాకు అలవాటైపోయింది. విప్పితే పిల్లి. ఒక్కోసారి తల్లితోపాటు కళ్లు తెరవని కూనలు. ఏ కాలనీ వాళ్లకో విసుగొచ్చి, ‘మిల్లుల ఎలుకలకేం తక్కువ, బతుకుతయ్ తియ్’ అనుకుని రాత్రి బండి మీద తెచ్చి పడేసి పోతారు. కానీ మిల్లుకు తన పిల్లులు తనకున్నాయి. మా హమాలీలు ‘దొర’ అని పిలిచే పెద్ద గండుపిల్లి ఒకటి కొత్తవాటిని రెండు రోజులు కూడా నిలవనియ్యదు. తరిమితే అవి రోడ్డెక్కుతాయి. కోతల కాలంలో ధాన్యం లారీలు వరుసకట్టే రోడ్డు అది. పోయిన యాసంగిలో టైర్ల కింద పడినవి నేను చూసినవే ఐదు.

ఇతరులను అనడమెందుకు, మా కాలనీ వాళ్లమూ ఈ పని చేసినవాళ్లమే. మూడేళ్ల కిందట అందరం తలా ఇంత వేసుకుని, తొమ్మిది పిల్లులను పట్టించి వాడపల్లి దాకా తీసుకుపోయి వదిలిపెట్టించాం. కమిటీ పుస్తకంలో ఆ ఖర్చు రాసింది నేనే. దసరాకు వదిలితే సంక్రాంతికల్లా మళ్లీ ఏడు పిల్లులు, అన్నీ కొత్త మొహాలు. చికెన్ సెంటర్ వెనక పడేసే తుక్కు అక్కడే ఉంది, ఫంక్షన్ హాలు ఎంగిలి విస్తళ్లు అక్కడే ఉన్నాయి, సగం కట్టి ఆపిన ఇల్లూ అక్కడే ఉంది. పాతవాళ్లు ఖాళీ చేసిన ఇంట్లోకి కొత్తవాళ్లు అద్దెకు దిగినట్టు పక్క గల్లీ పిల్లులు దిగాయి.

పిల్లుల లెక్క సామాన్యమైనది కాదు. నాలుగైదు నెలల వయసు నుంచే ఆడపిల్లి ఎదకు రావచ్చు. చూలు తొమ్మిది వారాలే. కూనలు ఇంకా పాలు తాగుతుండగానే మళ్లీ కట్టుతుంది. ఈతకు నాలుగేసి చొప్పున ఏడాదికి రెండు మూడు ఈతలు. పగటి వెలుతురును బట్టి ఎదకు వచ్చే జంతువు కనుక చలి దేశాల్లో శీతకాలమంతా దానికి కాస్త తెరిపి దొరుకుతుందట. మన ఎండలకు ఆ తెరిపి కూడా తక్కువే. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందంటారు గదా, మా కాలనీలో అది మా ఇంటి అటక దగ్గర మొదలై మోటారు గది దగ్గర ఆగేది. తిప్పిన నాలుగు కూనల్లో బతికేది ఒక్కటో రెండో. మిగతావి కుక్కలకో, కళ్ల పుసులకో, మోరీలకో పోయేవి. పిల్లులు ఎక్కువయ్యాయని గోలపెట్టే మేము ఈ చావులను మాత్రం ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు.

కిందటేడు పద్ధతి మార్చాం. పట్టడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం, తిరిగి అదే గల్లీలో వదలడం. ఎన్నో దేశాల్లో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతే ఇది. ముంబైలో నగరపాలక సంస్థే పిల్లులకు కూడా ఆపరేషన్లు చేయిస్తోంది. మేము వెల్డింగ్ షాపులో ఒక జాలీ బోను చేయించాం. లోపల ఎండుచేప, నడిమధ్య తొక్కుడు రేకు, పిల్లి దాని మీద కాలు పెట్టగానే వెనక తలుపు పడుతుంది. పడ్డ మరుక్షణం అది జాలీకేసి తల బాదుకుంటుంది, చూడలేం. అప్పుడే బోను మీద పాత దుప్పటి కప్పాలి. చీకటి కాగానే ఠక్కున సద్దుమణుగుతుంది. ఈ చిన్న కిటుకు తెలియక మొదటిసారి నా చెయ్యి గీరుకుపోయి, రేబిస్ సూదులన్నీ వేయించుకోవాల్సి వచ్చింది.

బోనుకంటే కష్టమైంది పక్కింటి అవ్వ. ముందురోజు రాత్రి ఎవరూ తిండి పెట్టొద్దు. ఆకలితో ఉంటేనే అది బోనులోకి వస్తుంది, మత్తు ఇవ్వడానికీ కడుపు ఖాళీగా ఉండాలి. అవ్వేమో, ‘పొద్దుగాల్నుంచి ఏం తినలే బిడ్డా’ అంటూ కొంగు చాటున పాలబువ్వ తెచ్చేది. రెండుసార్లు ఆవిడ వల్లే ఉత్త బోనుతో తిరిగొచ్చాం. మూడోసారి బోను కాపలా ఆవిడకే అప్పజెప్పాం, పని అయింది. ఆపరేషన్ అయిన పిల్లిని గుర్తుపట్టడానికి మత్తులో ఉండగానే ఎడమ చెవి కొసను ఒక సెంటీమీటరు దాకా అడ్డంగా కత్తిరిస్తారు. దాన్ని చూసి ‘ఎలుక కొరికిందా ఏందే నిన్ను’ అని అవ్వ అడిగిన మాట కాలనీలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

ఆరు ఆడపిల్లులు, మూడు గండుపిల్లులు అయ్యాయి. ఆడవాటి సంగతే ముఖ్యం. ఒక్క గండుపిల్లి మిగిలినా గల్లీ అంతటికీ సరిపోతుంది. మగవాటికి చేయించడం వల్ల కొట్లాటలు, గోడల మీద చల్లే ఆ మూత్రపు కంపు, అర్ధరాత్రి పసిపిల్ల ఏడ్చినట్టు వచ్చే అరుపులు తగ్గాయి. ఈ ఏడాది మా గల్లీలో ఒక్క ఈత కూడా లేదు. ఆ తొమ్మిదీ ఇక్కడే ఉన్నాయి కాబట్టి కొత్తవి రావడమూ తగ్గింది. పది పిల్లులుంటే రెండింటికి చేయించి ఊరుకుంటే మాత్రం డబ్బు దండగ. ఒక గల్లీ పట్టుకుంటే ఆ గల్లీలో దాదాపు అన్నింటికీ అయిపోవాలి.

బాధంతా ఆపరేషన్ దగ్గరే. మేము అడిగిన ఒక దవాఖానలో పిల్లికి మత్తిచ్చే సరంజామా లేదన్నారు. డాక్టర్ల తప్పని అనను. బర్రెలు, గొర్రెలతోనే వాళ్లకు తీరదు. చివరికి ఒక్కోదానికి 3,000 రూపాయల దాకా ఖర్చు పెట్టి మూడు విడతలుగా హైదరాబాద్ తీసుకెళ్లాం. మూడు గంటలకు పైగా ప్రయాణం, కారంతా పిల్లి కంపు. ఏ కూలి మనిషి ఈ పని చేయగలడు?

వీధికుక్కల సంతాన నియంత్రణకు 2001లో నియమాలు వచ్చాయి, వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. పేపర్లలో, కోర్టుల్లో చర్చ అంతా కుక్కల చుట్టే తిరుగుతోంది. కరిచేది అదే ఎక్కువ కనుక కావచ్చు. మన మున్సిపాలిటీలు, పశుసంవర్ధక శాఖ కలిసి నెలకు ఒక్కరోజు పిల్లుల కోసం కేటాయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. రాజేంద్రనగర్‌లో మనకు పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. అక్కడి విద్యార్థులను గురువుల వెంట శిబిరాలకు పంపితే వాళ్ల చేతికీ పని అలవాటవుతుంది. ఆపరేషన్‌తో పాటే రేబిస్ టీకా కూడా వేస్తే రెండు పనులు ఒకేసారి తీరతాయి. పట్టి తెచ్చే పని, తిరిగి వదిలే పని కాలనీల వాళ్లమే చూసుకుంటాం.

‘మనుషులకే దిక్కులేదు, పిల్లులకు ఆపరేషన్లా’ అనే మాట నాకూ ఎదురైంది. పిల్లి పిచుకలను, ఉడుతలను చంపుతుందని చెప్పినవాళ్లూ ఉన్నారు, అది నిజమే. సంఖ్య తగ్గించమని అడిగేది అందుకు కూడా. విషం పెడతామనేవాళ్లకు మాత్రం ఒక సంగతి తెలియాలి. జంతువును విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఆకలిదప్పులతో మాడేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆ లెక్కన వాడపల్లి ఖర్చు రాసిన నా చెయ్యీ శుభ్రమైంది కాదు.

మా బోను ప్రస్తుతం ఖాళీగానే ఉంది. ఊళ్లో ఏ కాలనీ వాళ్లు అడిగినా ఇస్తాం, వాడే పద్ధతి అవ్వ చెబుతుంది.

ఇట్లు,
ఒక రైస్ మిల్లు గుమస్తా,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా