ఉరితాడు గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఉరిశిక్ష అమలు ఆపాలని కోరుతూ మీకు విడిగా పంపిన రెండు విన్నపాలకు జవాబు అందలేదు. అందుకే పదిమంది ఎదుట రాస్తున్నాను.

ఉరికి ముందు జైలులో ఖైదీని తూకం వేస్తారు. ఆ బరువుకు ఒకటిన్నర రెట్లు ఉండే ఇసుక మూటను వేలాడదీసి తాడును పరీక్షిస్తారు. మనిషి తేలికగా ఉంటే తాడు పొడవు పెంచుతారు. ఈ కొలతలన్నీ తన కోసమేనని తెలిసినవాడు ఆ రాత్రి ఎలా గడుపుతాడో ఒక్కసారి ఆలోచించండి. అతనికీ ఒక తల్లి ఉంటుంది.

1993లో చిలకలూరిపేట బస్సు దహనంలో 23 మంది కాలిపోయారు. నేను ఆ ప్రాంతం వాడినే; ఆ కుటుంబాల కడుపుకోతను తక్కువ చేయను. దోషులిద్దరి ఉరిని 1998లో రాష్ట్రపతి యావజ్జీవంగా మార్చారు. అది సరైన నిర్ణయమని నేటికీ నమ్ముతున్నాను.

2003లో, చట్టాల్లో మార్పులపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ ఉరికి ప్రత్యామ్నాయంగా ప్రాణాంతక ఇంజెక్షన్‌ను సూచించింది. పద్ధతి మారితే నాకు చాలదు. 2015లో అదే కమిషన్, ఉగ్రవాదం, దేశంపై యుద్ధం వంటి నేరాలకు తప్ప మరణశిక్షే వద్దన్నది. అయినా 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఉరి అలాగే ఉండిపోయింది.

ఆ 2015 నివేదికపై పార్లమెంటులో చర్చ జరిపించండి. అది ముగిసేవరకు ఉరి అమలును నిలిపివేయండి. ఈసారి లిఖితపూర్వకంగా జవాబు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
పల్నాడు పౌరుడొకరు