కూనలను తొందరపడి తల్లికి దూరం చేయకండి

సంపాదకులకు నమస్కారం.

అరుదైన జాతి పిల్లులను పెంచి కూనలను ఇతరులకు అప్పగించేవారిలో కొందరు చూపుతున్న తొందర నన్ను కలచివేస్తోంది. ఆరేడు వారాలకే కూన గిన్నెలో తిండి తినగలదన్నది నిజమే. కానీ గట్టిగా కరవకుండా, గోళ్లు ముడుచుకుని ఆడుకోవడం అది నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్యనే కనుక, కనీసం 12 వారాలు నిండి, తొలి టీకాలు పడేవరకు దానిని కదపకూడదు. తెలియని రోజుల్లో నేను ఎనిమిదో వారంలోనే ఇచ్చేసిన ఒక కూన తిరిగి నా దగ్గరకే వచ్చింది. రాత్రంతా దుప్పటి అంచును చప్పరిస్తూ, ముంగాళ్లతో దానిని పిసుకుతూ కూర్చునేది. ఆ దృశ్యం నేటికీ మరువలేను.

వంశపారంపర్య వ్యాధుల మాట మరింత ముఖ్యం. పర్షియన్ పిల్లుల మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే వ్యాధి, తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా కూనలకు రావచ్చు; జన్యు పరీక్షతో దానిని ముందే గుర్తించవచ్చు. స్కాటిష్ ఫోల్డ్ అనే జాతి పిల్లుల చెవులను మడతపెట్టే జన్యులోపమే వాటి కీళ్లనూ దెబ్బతీస్తుంది కాబట్టి, ఆ జాతిని వృద్ధి చేయడమే తగదని నా అభిప్రాయం. కూనను తీసుకునేవారు ముందుగా తల్లిపిల్లిని, పరీక్షల నివేదికను చూపమని అడగాలి. ఇచ్చేవారు కూడా, కొత్త ఇంట్లో కుదరకపోతే కూనను వెనక్కి తీసుకుంటామని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు