మంగోలియా గోబీ ఎడారిలో మా అమ్మను చూసుకున్న వాళ్లందరికీ కృతజ్ఞతలు

అమ్మ ఎలా ఉందని ఫోన్లు చేసి, మెసేజ్‌లు పెట్టి అడిగిన అందరికీ ముందుగా ఒక మాట. గోబీ టూర్‌లో జబ్బుపడ్డ అమ్మ పూర్తిగా కోలుకుంది. షుగర్ అదుపులో ఉంది, పొద్దున్నే వాకింగ్‌కి కూడా వెళ్తోంది. విడివిడిగా జవాబులు ఇవ్వలేకపోయాను, ఏమీ అనుకోకండి. మంగోలియాలో మమ్మల్ని ఆదుకున్న మనుషుల గురించి నలుగురికీ తెలియాలని ఇక్కడే వివరంగా రాస్తున్నాను.

అమ్మ రిటైరైన బయాలజీ టీచర్. గోబీ ఎడారిలోని బయాన్‌జాగ్ ఎర్ర కొండలు చూడాలని ఆవిడకు ఎప్పటినుంచో కోరిక. 1923లో అమెరికన్ అన్వేషకుడు రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్ బృందానికి డైనోసార్ గుడ్లు దొరికింది అక్కడే. పిల్లలకు చాక్‌పీస్‌తో బొమ్మ గీసి చెప్పిన పాఠం అది. అందుకే గ్రూప్ టూర్‌లో చేరాం. గ్రూపులో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి రెండు రష్యన్ వ్యాన్లు, ఇద్దరు డ్రైవర్లు, ఒక గైడు, ఒక వంటావిడ. బయాన్‌జాగ్‌లో అమ్మ చిన్నపిల్లలా తిరిగింది. అక్కడి నుంచి ఖోంగొరిన్ ఎల్స్ ఇసుక తిన్నెల వైపు వెళ్తుంటే దారిలో వాంతులు మొదలయ్యాయి. ఎండ మండిపోతోంది. కాసేపటికి కళ్లు తిరుగుతున్నాయంది, ఆ తర్వాత మాట తడబడింది. ఫోన్లో సిగ్నల్ లేదు. రోడ్డు అంటే నేల మీద పాత టైర్ల జాడలే. అంత టెన్షన్ నేనెప్పుడూ పడలేదు.

మా డ్రైవర్ గారికి ఇంగ్లిష్ రాదు. అద్దంలో అమ్మ ముఖం చూసి ఆయనే బండి ఆపారు. దిగి నాలుగు దిక్కులా చూసి, దారి వదిలేసి బండిని కొండల వైపు తిప్పారు. అటు వైపు మా ఎవ్వరి కంటికీ ఏమీ ఆనలేదు. చాలా దూరం వెళ్లాక గానీ కొండ పాదాన తెల్లటి గెర్ ఒకటి, దాని పక్కన సోలార్ పలక కనబడలేదు. గెర్ అంటే మకాం మార్చుకుంటూ తిరిగే పశువుల కాపరులు వేసుకునే గుండ్రటి గుడారం. ఆయన దూరం నుంచే కుక్కను పట్టుకోమని కేకేశారు. అక్కడ ఎవరింటికి వెళ్లినా అలాగే పిలవాలట.

ఆ ఇంటావిడ మమ్మల్ని ఎవరు, ఏ ఊరు అని అడగలేదు. అతిథులకు చూపించే పడమటి వైపు మంచం మీది సామానంతా తీసేసి అమ్మను పడుకోబెట్టారు. వెంటనే బయటికి వెళ్లి, గెర్ గోడలకు కప్పిన మందపాటి ఉన్ని పరదాలను కింద నుంచి మూరెడు పైకి చుట్టారు. చెక్క జాలీలోంచి గాలి రివ్వున లోపలికి వచ్చింది. ఇక నీళ్లు. వాళ్లు బావి నుంచి మోటర్‌సైకిల్ మీద తెచ్చుకునే నీళ్లు అవి, ఒక్క నీలం డ్రమ్ములో ఉన్నాయి. గుడ్డ తడుపుతూ అమ్మ పాదాలు, అరచేతులు, మెడ తుడుస్తూనే ఉన్నారు. నీళ్లన్నీ అయిపోతాయేమోనని నేను చాలు చాలని సైగ చేస్తే, నా చెయ్యి పక్కకు జరిపి తన పని తాను చేసుకున్నారు. ఆ చెయ్యి నాకు ఇంకా గుర్తుంది, పాలు పితికి పితికి గరుకైన చెయ్యి.

నిజామాబాద్ నుంచి మాతో వచ్చిన అక్కయ్య రిటైర్డ్ స్టాఫ్ నర్సు. ఓఆర్‌ఎస్ కలిపి చెంచా చెంచాగా తాగించారు, షుగర్ మిషన్‌తో గంట గంటకీ చూశారు. ఆ ఇంటి అబ్బాయి మా గైడును బండి మీద ఎక్కించుకుని సిగ్నల్ దొరికే గుట్ట దాకా తీసుకెళ్లాడు. అక్కడి నుంచి సోమ్ కేంద్రంలోని ఆసుపత్రికి ఫోన్ చేశారు. సోమ్ అంటే మన మండలం లాంటిది. పొద్దుగూకే వేళకు లేడీ డాక్టర్ గారు వ్యాన్‌లో వచ్చేశారు. సెలైన్ పెట్టడానికి స్టాండు లేదు. ఆ ఇంటాయన పైకప్పు నారింజరంగు వాసానికి ఒంటె వెంట్రుకలతో పేనిన తాడు కట్టి సీసా వేలాడదీశారు. డాక్టర్ గారు తెల్లవారేదాకా కదల్లేదు. మర్నాడు దలన్‌జద్‌గద్‌లోని జిల్లా ఆసుపత్రిలో పరీక్షలు చేయించి, ప్రమాదం లేదని చెప్పాకే మాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ రాత్రి మా గ్రూపు వాళ్లు ఇసుక తిన్నెల మీద సూర్యాస్తమయం చూడాల్సింది. దాదాపు వంద కిలోమీటర్ల పొడవునా పరుచుకుని, గాలికి ఇసుక మోగే చోటు అది. రెండో బండిలో వాళ్లు హాయిగా వెళ్లిపోవచ్చు. ఒక్కరు కూడా కదల్లేదు. పిల్లలతో సహా ఆరుబయటే పడుకున్నారు. వంటావిడ ఎండిన పేడ పొయ్యి మీద అమ్మకు గంజి కాచారు, మిగతా వాళ్లకు అన్నం, పప్పు. మాంసం లేనిదే పూట గడవని దేశంలో మా శాకాహారుల కోసం ఆవిడ పడ్డ శ్రమ అంతా ఇంతా కాదు.

బయలుదేరేటప్పుడు డబ్బు ఇవ్వబోతే ఆ దంపతులు ముట్టుకోలేదు. పైగా ఎండబెట్టిన పెరుగు గడ్డలు, ఆరూల్ అంటారు, ఒక సంచి నిండా కట్టి ఇచ్చారు. గైడు చెప్పాకే వాళ్ల పరిస్థితి తెలిసింది. గడ్డి మీద మంచు గట్టిపడి పశువులు మేత లేక చచ్చిపోయే చలికాలాన్ని వాళ్లు జుద్ అంటారు. 2023–24 జుద్‌లో దేశం మొత్తం మీద 70 లక్షలకు పైగా పశువులు పోయాయి. ఈ కుటుంబం కూడా తన మేకల్లో చాలా వాటిని పోగొట్టుకుంది. కష్మీర్ ఉన్ని అమ్ముకుని ఏడాదంతా గడిపే ఇల్లు అది. అలాంటి వాళ్లు మా కోసం డ్రమ్ము ఖాళీ చేశారు.

డ్రైవర్ గారికి, గైడుకు, వంటావిడకు, డాక్టర్ గారికి, అక్కయ్యకు, మా గ్రూపులో ప్రతి ఒక్కరికీ, అందరికంటే ముందు ఆ గెర్‌లోని అమ్మకూ నాన్నకూ అబ్బాయికీ మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. పెద్దవాళ్లను తీసుకుని అటు వెళ్లేవాళ్లకు నా మనవి: ఉన్న జబ్బులన్నీ గైడుకు ముందే చెప్పండి, మందులు రెండింతలు పట్టుకెళ్లండి, టూర్ వాళ్ల దగ్గర శాటిలైట్ ఫోన్ ఉందో లేదో అడగండి.

ఇంకొక సాయం కావాలి. వాళ్లు అమ్మతో దిగిన ఫొటోలు ప్రింట్ తీయించాను, అమ్మ ఒక నూలు చీర, పిల్లాడికి చొక్కా కూడా కొని పెట్టింది. వచ్చే వేసవిలో దలన్‌జద్‌గద్ వైపు వెళ్లే వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ప్యాకెట్ మీకు పంపిస్తాను. మా డ్రైవర్ గారికి అందితే చాలు. వాళ్లు ఈపాటికి మకాం మార్చేసే ఉంటారు, అయినా ఎక్కడున్నారో కనుక్కుని ఇస్తానని ఆయన మాటిచ్చారు.