అద్దం మార్చగానే పని అయిపోదు

సంపాదకులకు నమస్కారం.

65వ నంబర్ జాతీయ రహదారి మీద కంకర టిప్పర్ వెనక పోతున్న కారు ముందద్దానికి రాయి తగలడం మన జిల్లాలో కొత్త సంగతి కాదు. ఇదివరకు నల్లగొండలోనే ఏదో ఒక అద్దాల షాపులో పూటలో పని అయిపోయేది. ఇప్పుడు అదే రాయికి రెండు బిల్లులు వస్తున్నాయి. ఒకటి అద్దానికి, రెండోది కెమెరా క్యాలిబ్రేషన్‌కు, అంటే కెమెరా చూపును మళ్లీ సరిగ్గా సెట్ చేసినందుకు. ఈ రెండో బిల్లు సంగతి కారు అమ్మేటప్పుడు షోరూంలో ఎవరూ ఎత్తరు.

అడాస్, అంటే డ్రైవర్‌కు సాయపడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉన్న కార్లలో లోపలి రియర్‌వ్యూ మిర్రర్ వెనకాల, ముందద్దానికి ఆనించి ఒక కెమెరా ఉంటుంది. లేన్ తప్పితే హెచ్చరించేదీ, ముందు బండి అడ్డొస్తే బ్రేకు వేయించేదీ దాని చూపును బట్టే. ముందద్దం విప్పి బిగిస్తే ఆ చూపు కదులుతుంది. ఒక్క డిగ్రీ పక్కకు జరిగినా 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్లు తేడా వస్తుంది. జాతీయ రహదారి మీద లేన్ వెడల్పు 3.5 మీటర్లు. అంటే సగం లేన్ అవతలికి చూస్తున్నట్టు. డాష్‌బోర్డులో హెచ్చరిక లైటు వెలగకపోయినంత మాత్రాన అంతా సరిగ్గా ఉందనుకోవద్దు.

క్యాలిబ్రేషన్ రెండు రకాలు. మొదటిది షెడ్డులో చేసేది. నేల చదునుగా ఉండాలి, టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉండాలి, డిక్కీలో సామాను ఉండకూడదు, ఎదురుగా ఎండ కొట్టకూడదు. కంపెనీ చెప్పిన దూరంలో, ఎత్తులో గుర్తుల బోర్డు నిలబెట్టి, కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌తో సెట్ చేస్తారు. రెండోది స్కానర్ తగిలించి రోడ్డు మీద నడుపుతూ చేసేది. దానికి లేన్ గీతలు స్పష్టంగా ఉండాలి. గీతలు చెరిగిపోయిన ఊరి రోడ్ల మీద అది కుదరదు, నార్కట్‌పల్లి వైపు హైవే ఎక్కాల్సిందే. కొన్ని మోడళ్లకు రెండూ చేయాలి. వీల్ అలైన్‌మెంట్ మార్చాక కూడా క్యాలిబ్రేషన్ అవసరమయ్యే కార్లున్నాయి.

చౌక అద్దం దగ్గర జాగ్రత్త. కెమెరా బ్రాకెట్ అద్దానికి ఫ్యాక్టరీలోనే అతికి వస్తుంది. దాన్ని పాత అద్దం నుంచి పీకి కొత్తదానికి అంటిస్తే కోణం ఎన్నటికీ కుదరదు. వాన సెన్సర్ కింద ఉండే జెల్ ప్యాడ్‌ను మళ్లీ వాడితే గాలి బుడగలు చేరి, చినుకు లేకపోయినా వైపర్ ఆడుతుంది. ఆ ప్యాడ్ చిన్న వస్తువే, అయినా ఎస్టిమేట్‌లో రాయించుకోవాలి. అద్దం అంటించిన గమ్ ఆరేదాకా బండి కదపకూడదు. ఎన్ని గంటలన్నది గమ్ ట్యూబు మీదే ఉంటుంది.

బంపర్ కథ ఇంకోటి. చాలా అడాస్ కార్లలో ముందు గ్రిల్, లోగో లేదా బంపర్ వెనకాల 77 గిగాహెర్ట్జ్ రాడార్ ఉంటుంది. పక్క వాహనాలను పసిగట్టే రాడార్లు ఉన్న కార్లలో అవి వెనక బంపర్ మూలల్లో ఉంటాయి. పగిలిన బంపర్‌ను అతికించి, పుట్టీ మందంగా పెట్టి, దాని మీద మెటాలిక్ పెయింట్ పొరలు కొడితే రాడార్ తరంగాలు సరిగ్గా దాటవు. డెంటింగ్ షాపు తక్కువలో చేసిందని సంతోషించినవాళ్లే తర్వాత రాడార్ పాడైందనుకొని కొత్త యూనిట్ కొంటున్నారు. ముందు బుల్ గార్డు బిగించినా ఇదే బాధ. కేంద్రం 2017లోనే వాటిని వద్దన్నది, అయినా అమ్మకాలు ఆగలేదు. ఇంకో మాట. యాదగిరిగుట్టలో వాహన పూజ చేయించిన కారుకు గ్రిల్ నిండా బంతిపూల దండ, పార్కింగ్ సెన్సర్ల మీద పసుపు కుంకుమ ఉంటాయి. హెచ్చరిక లైటు వెలిగితే స్కానింగుకు డబ్బు కట్టే ముందు దండ తీసి తడిగుడ్డతో తుడిచి చూడండి.

హెడ్‌లైట్ దగ్గర దెబ్బ మరీ గట్టిది. పాత హాలోజెన్ బల్బు వందల్లో దొరికేది. ఇప్పటి సీల్డ్ ఎల్ఈడీలో లైటును బిగించే చిన్న చెవి విరిగినా మొత్తం అసెంబ్లీ మార్చమంటారు, బిల్లు వేలల్లోకి పోతుంది. సైడ్ మిర్రర్ కూడా అంతే. మడిచే మోటారు, ఇండికేటర్, 360 డిగ్రీల కెమెరా ఉన్నచోట అదీ, అన్నీ ఒకే డొప్పలో.

ఇన్సూరెన్సులో తిరకాసు ఇక్కడే. మామూలు సమగ్ర పాలసీలో అద్దానికి తరుగు కోత లేదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, ఎయిర్‌బ్యాగులకు మాత్రం కారు కొత్తదైనా 50 శాతం కోస్తారు. బంపర్, హెడ్‌లైట్, మిర్రర్ మూడూ ఎక్కువ భాగం ప్లాస్టిక్కే. జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవర్ ఉంటే ఈ కోత తప్పుతుంది, కానీ ఏడాదికి ఎన్ని క్లెయిములో పాలసీలో చూసుకోవాలి. ప్రతి క్లెయిములో 1500 సీసీ లోపు కారుకు 1000 రూపాయలు, ఆపైన 2000 ఎలాగూ మనమే కట్టాలి. క్యాలిబ్రేషన్ చార్జి ఎస్టిమేట్‌లో ఇన్సూరెన్సు సర్వేయర్ రాకముందే వేరే లైనుగా ఉండాలి. లేకపోతే తర్వాత వాదన తప్పదు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటే బ్యాగు ఒక్కటే కాదు, చాలాసార్లు కంట్రోల్ యూనిట్, సీటు బెల్టు టెన్షనర్లు, డాష్‌బోర్డు కూడా మార్చాల్సి వస్తుంది. మరమ్మతు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో కారుకు రాసిన విలువలో 75 శాతం దాటితే కారును టోటల్ లాస్ కింద తీసేస్తారు. పాత కారు కొనేవాళ్లు ఇగ్నిషన్ వేసి చూడాలి. ఎయిర్‌బ్యాగు లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో బ్యాగు తీసేసి లైటును మాయ చేశారని అనుమానించాల్సిందే.

2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మంచిదే. కానీ చెవి విరిగితే చెవి అమ్మకుండా అసెంబ్లీయే అమ్ముతుంటే ఆ తగ్గింపు ఏ మూలకు? విడిభాగాలు, స్కానింగ్ పరికరాలు బయటి మెకానిక్‌లకు దొరకనివ్వడం లేదని 2014 ఆగస్టులోనే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. వ్యవహారం అప్పీళ్లలో పడింది. 2022 డిసెంబర్‌లో కేంద్రం తెచ్చిన మరమ్మతు హక్కు పోర్టల్‌లో వాహన రంగమూ ఉంది. అయినా నల్లగొండ, మహబూబ్‌నగర్ మెకానిక్‌కు క్యాలిబ్రేషన్ కొలతలు, సాఫ్ట్‌వేర్ అందుబాటు ధరలో దొరకడం లేదు. కారు వంద కిలోమీటర్లు హైదరాబాద్ పోవాల్సి వస్తోంది, ఒక్కోసారి టోయింగ్ బండి మీద.

ప్రతి మోడల్‌కు ముందద్దం, హెడ్‌లైట్, మిర్రర్, రాడార్, క్యాలిబ్రేషన్ ధరలు షోరూంలో బోర్డు మీద పెట్టేలా రవాణా శాఖ, వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆదేశించాలి. రాష్ట్రం ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తోంది కదా, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒక్కో సెంటర్‌లోనైనా చదును నేల, బోర్డులు, స్కానర్ పెట్టి డెంటింగ్, అద్దాల పనివాళ్లకు ఈ పని నేర్పాలి. ఈలోగా బిల్లు అన్యాయమనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఎస్టిమేట్, మరమ్మతుకు ముందూ తర్వాతా తీసిన స్కాన్ రిపోర్టులు, మార్చిన పాత భాగాలు దగ్గర పెట్టుకొని చేయండి.

– ఒక వాహన మరమ్మతుదారు, నల్లగొండ